అందరి దగ్గరా నేర్చుకున్నవాడు

అతను పోయాక వానాకాలం గడిచింది, వరి కోతలూ అయిపోయాయి. నాకు మాత్రం అతని మీద కుళ్లు ఇంకా పోలేదు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. ముందు నా కడుపుమంట చెప్పుకోనివ్వండి, అది కడుపులో పెట్టుకుని మంచి చెప్పడం నా వల్ల కాదు.

మొన్న ఆదివారం మా ఆవిడ మిర్చి బజ్జీలు తెప్పించింది. తిని చూసుకుంటే నా పళ్లెం ఖాళీగా ఉంది. అతను ఉన్నన్నాళ్లూ నా పళ్లెం ఎప్పుడూ ఖాళీ కాలేదు. బజ్జీ పైన పిండంతా ఒలుచుకుని తిని, లోపలి మిరపకాయను తోకతో సహా తెచ్చి నా పళ్లెంలో పెట్టేవాడు. అడగడం లేదు, మొహమాటం లేదు. "కారం నీకు, పిండి నాకు. ఇద్దరం గెలిచినం బావా," అనేవాడు. నాకు కారం ఇష్టమని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నిజంగా ఇష్టమే, అది వేరే సంగతి.

అతను మాకు బజ్జీల వల్ల పరిచయం కాలేదు, ఆట వల్ల అయ్యాడు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట అది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. కోటలు, రాక్షసులు, కత్తులు, మంత్రాలు. ఏ దెబ్బ తగిలిందో ఏది తప్పిందో పాచికలు తేలుస్తాయి. మా ఇంట్లో కథ నడిపేది మా ఆవిడ. హైదరాబాద్‌లో బీఎడ్ చదివేటప్పుడు హాస్టల్లో నేర్చుకుందట. కాపురానికి వచ్చినప్పుడు బీరువాతో పాటు ఒక పాచికల సంచీ కూడా వచ్చింది. మా బామ్మర్ది మంత్రగాడు. వెనక నిలబడి నిప్పులు విసురుతాడు, సందు దొరికితే ఫోన్ చూసుకుంటాడు. ముందు నిలబడి కత్తి పట్టేది నేను. బాన్సువాడలో మా ఎరువుల కొట్టు పైన, మొదటి అంతస్తు గదిలో, ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మొదలుపెట్టేవాళ్లం.

కత్తి పట్టేవాళ్లలోనూ రకాలున్నాయి. వాటిని క్లాసులంటారు. ఫైటర్ సాధనతో కొడతాడు. బార్బేరియన్ కోపంతో కొడతాడు. పాలడిన్ ఒక ప్రమాణం చేసి, ఆ ప్రమాణం ఇచ్చిన బలంతో కొడతాడు. రోగ్ చాటుగా ఉండి సందు చూసి పొడుస్తాడు. గండాలు గడిచేకొద్దీ పాత్రకు లెవెల్ పెరుగుతుంది. అప్పుడు ఉన్న క్లాసులోనే ఇంకో మెట్టు ఎక్కవచ్చు, లేదా కొత్త క్లాసులో మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టవచ్చు. రెండోదాన్ని మల్టీక్లాస్ అంటారు. నేను అటు చూడలేదు. మొదటి రోజు ఫైటర్‌ని, ఈ రోజుకీ ఫైటర్‌నే. ఒకటి పట్టుకుంటే చివరిదాకా పట్టుకోవాలన్నది నా పద్ధతి.

మా ఆవిడ టీచర్ కదా, మల్టీక్లాస్‌కు తన సొంత కట్టుబాటు ఒకటి పెట్టింది. కొత్త క్లాసు కావాలంటే ఊరికే కాగితం మీద రాసుకుంటే చెల్లదు. కథలో ఆ విద్య వచ్చినవాళ్లెవరినైనా వెతుక్కుని, అడిగి, గురువుగా ఒప్పించుకోవాలి. గురువు ఒప్పుకోకపోతే ఆ క్లాసు లేదు. ఈ కట్టుబాటు అతని కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. అతను రాకముందు దాన్ని మాలో ఎవరూ వాడుకోలేదు.

అతను ఆమె పనిచేసే గురుకులంలో పీటీ సార్. పెద్ద కొడప్‌గల్ దగ్గర తండా వాళ్లది. ఒక ఆదివారం ఆమె వెంట మెట్లెక్కి వచ్చి, గడపలోనే "నమస్తే బావా," అన్నాడు.

"బావ ఎట్లయిన?" అన్నాను.

"ఆమె అక్క. గట్లయితే నువ్వు బావనే గదా."

"స్కూల్ల మేడం అంటవట గదా?"

"స్కూల్ల మేడం. ఆదివారం అక్క," అని నవ్వి, నేను కూర్చునే కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చున్నాడు. మెడలో విజిల్ ఆదివారం కూడా తీసేవాడు కాదు. పాచిక వేసే ముందు బల్ల అంచును వేళ్లతో తాకి నుదుటికి అద్దుకునేవాడు, కబడ్డీలో కూతకు వెళ్లేవాడు గీతకు దండం పెట్టినట్టు. తరవాత వేస్తే పెద్ద అంకే పడేది. పాచికకు భక్తి ఉండదని నాకు తెలుసు. కానీ పడేది.

మొదటి రోజే మా ఇద్దరికీ తేడా వచ్చింది. అతను బార్బేరియన్ అన్నాడు, గొడ్డలి కావాలన్నాడు. బాగుంది. పాత్ర తయారు చేసేటప్పుడు బలానికి కొన్ని అంకెలు, చురుకుకు కొన్ని, మాటకారితనానికి కొన్ని పంచుకోవాలి. అతను మాటకారితనానికి దండిగా పెట్టాడు.

"గొడ్డలోనికి మాటకారితనం దేనికయ్యా? బలంల పెట్టు," అన్నాను.

"మాట్లాడకుండ ఎట్లుంటం బావా?" అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు. నా ఫైటర్‌కు అన్నిటికంటే తక్కువ అంకె పెట్టింది మాటకారితనానికే. మా ఆవిడ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది.

బార్బేరియన్‌గా ఇంకొక్క లెవెల్ ఎక్కితే ఒక్క వంతులో రెండు దెబ్బలు కొట్టే హక్కు వస్తుంది. కత్తి పట్టేవాడెవడైనా దానికోసమే ఎదురుచూస్తాడు. సరిగ్గా దాని గుమ్మం ముందు అతను ఆగిపోయాడు. కథలో మేము ఒక సంతలో ఉన్నాం. ఒక ముసలి దొంగ మా బామ్మర్ది నడుముకున్న డబ్బు సంచీ కోసేసింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "ఠాణాల అప్పజెప్తున్న," అన్నాను. అతను బల్ల అంచు తాకాడు.

"ఆగు బావా. అవ్వా, చప్పుడు గాకుండ ఎట్ల కోసినవ్? జర నేర్పరాదు."

మా ఆవిడ ముసలిదాని గొంతు పెట్టి, "నీకెందుకు బిడ్డా? గింత లావు గొడ్డలుండంగ," అంది.

"గొడ్డలికి చప్పుడెక్కువ అవ్వా."

అంతే. నేర్పమని అడిగితే అవ్వ ఒప్పుకుంది, అతను రోగ్ అయ్యాడు. నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. "ఒక్క లెవెల్ ఆగితే రెండో దెబ్బ వస్తుండె. గిదేం ఆటయ్యా?" అంటే, "అవ్వ మల్ల దొరుకతదా బావా?" అన్నాడు. ఆ తరవాత జరిగింది చూడండి. బార్బేరియన్ తన ఒంటికి ఏమైనా కానీ అని తెగించి కొడితే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు. అలాంటి మొగ్గు దొరికినప్పుడే రోగ్ పోటుకు అదనపు దెబ్బ కలుస్తుంది. అవ్వ ఇచ్చిన చిన్న కత్తితో అతను కోపంగా, తెగించి, చాటుగా, మూడూ ఒకేసారి పొడిచేవాడు. నా రెండు దెబ్బలూ కలిపినా అతని ఒక్క పోటుకు సరిపోయేది కాదు. ఇదంతా లెక్క వేసుకుని చేశాడా అంటే లేదు. అవ్వ నచ్చింది, అడిగాడు. నేను రూల్స్ పుస్తకం అట్ట ఊడేదాకా చదివినవాణ్ణి. నాకు తట్టలేదు.

బయట కూడా అతనికి ఇదే పని. "జర నేర్పరాదు" అన్న మాట లేకుండా అతను బాన్సువాడ బజారు దాటడం నేను చూడలేదు. దెగ్లూరు బస్సు కండక్టర్ దగ్గర మరాఠీ నేర్చుకున్నాడు. దర్జీ దగ్గర కాజాలు కుట్టడం నేర్చుకుని పిల్లల ఆటల చొక్కాలకు తనే గుండీలు పెట్టేవాడు. చాయ్ హోటల్ పెద్దాయన దగ్గర ఉర్దూ అక్షరాలు. ఏదీ పూర్తిగా రాదు. మరాఠీలో ధరలు అడగగలడు, జవాబు చెప్తే తెల్లమొహం వేస్తాడు. ఉర్దూలో బోర్డులు చదివేవాడు, సగంలో ఆగి మిగతాది ఊహించేవాడు. అయినా వాళ్లందరూ అతన్ని చూడగానే వెలిగిపోయేవాళ్లు. అది నాకు అర్థమయ్యేది కాదు. నేను వాళ్లకు ఏళ్ల తరబడి తెలిసినవాణ్ణి, నన్ను చూస్తే తల ఊపేవాళ్లు.

సాయంత్రాలు కొట్టుకు వచ్చి యూరియా బస్తా మీద కూర్చునేవాడు. రుద్రూర్ నుంచి వచ్చిన రైతులతో నారుమడి గురించి మాట్లాడేవాడు. ఒకరోజు మా హమాలీ దగ్గరకు వెళ్లి, "అన్నా, బస్తా ఈపు మీదికెక్కంగ నడుం వట్టకుండ ఎట్ల జేస్తవ్? జర నేర్పరాదు," అన్నాడు. హమాలీ చూపించాడు. ఊపిరి ఎప్పుడు బిగపట్టాలి, పాదం ఎటు తిప్పాలి, అన్నీ. ఇద్దరూ నవ్వుకుంటూ ఆ మూల నుంచి ఈ మూలకు బస్తాలు మోశారు. నా కొట్లో, నా గల్లా పెట్టె ఎదురుగా, నా హమాలీ దగ్గర.

ఇగ సూటిగా చెప్తాను. అతను నన్ను ఏదీ అడగలేదు. ఆటలో దొంగను అడిగాడు, బయట కండక్టర్‌ను అడిగాడు, బజ్జీల బండి ఆమెను అడిగాడు. బాన్సువాడలో అతనికి గురువు కానివాణ్ణి నేనొక్కణ్ణే. రూల్ ఏదైనా తెలియకపోతే "గట్లనా బావా?" అనేవాడు. దాన్ని నేర్చుకోవడం అనరు, దారి అడగడం అంటారు. ఒకసారి ఉండబట్టలేక నేనే వరిలో మొగి పురుగు గురించి, ఏ మందు ఎప్పుడు కొట్టాలో చాలాసేపు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. చాయ్ తాగాడు. "మంచిగ చెప్పినవ్ బావా," అని వెళ్లిపోయాడు. ఆ రోజు రాత్రి అన్నం సరిగ్గా తినలేదు నేను.

మా ఆవిడ సంగతి కూడా చెప్పాలి. మీరు అనుకునే రకం అనుమానం కాదు. ఆమె అతన్ని "తమ్మీ" అనేది, అతను నిజంగా తమ్ముడిలాగే ఉండేవాడు. అనుమానమే అయితే తేల్చుకోవడం సులువు, ఒక గొడవ పెట్టుకుంటే సరిపోయేది. నాది ఇంకో రకం. అతని వంతు వచ్చేసరికి ఆమె కుర్చీలో ముందుకు జరిగేది. నా వంతు వస్తే పాచిక కేసి చూసేది. నేను ఏం చేస్తానో ఆమెకు ముందే తెలుసు. డాలు అడ్డం పెడతాను, ముందు నిలబడతాను, కొడతాను. ఇంట్లోనూ అంతే కదా. ఏ కూర వండితే ఏమంటానో, ఏ చుట్టం వస్తే ఎటు పోతానో ఆమెకు అంతా తెలుసు. ఆమెను ఆశ్చర్యపరచాలని నాకు ఎంత ఉండేదో ఎవరికీ చెప్పలేదు.

ఒక శనివారం అన్నం వడ్డిస్తూ ఆమె అంది: "రేపటి కొట్లాట నీది."

ఆ వారం కథలో మేము ఒక ఆనకట్ట దగ్గరికి చేరాం. పేరు మార్చింది గానీ అది మన నిజాంసాగరే. గేట్ల మీద ఒక ముసలి వీరుడు ఒంటరిగా నిలబడి ఎవర్నీ దాటనివ్వడు. ఎంతోమంది ఆయనతో కలబడి చచ్చారు. ఒకరికి ఒకరు, ముఖాముఖి, డాలుకు డాలు. నా ఫైటర్ పుట్టిందే ఇలాంటి రోజు కోసం. పాచికలు సరిగ్గానే పడ్డాయి. నా దెబ్బలు రెండు తగిలాయి, మూడోదాన్ని ముసలాయన కత్తి వెనక అంచుతో పక్కకు మలిపాడు. బామ్మర్ది కూడా ఫోన్ కింద పెట్టాడు. మా ఆవిడ నావైపే చూస్తోంది. ఆటలో వెనక ఉన్నవాళ్లకూ వంతు వస్తుంది, తరవాతిది మా పీటీ సార్‌ది. బల్ల అంచు తాకి నుదుటికి అద్దుకున్నాడు.

"అక్కా, గొడ్డలి కింద వెడుతున్న."

"ఏంది?" అన్నాను.

"కాకా, బావ దెబ్బ గింత బలంగొచ్చింది, నువ్వు గంత అల్కగ ఎట్ల మలిపినవ్? జర నేర్పరాదు."

"కొట్లాట నడుమ నేర్చుకునుడేందయ్యా!" అని నేను లేచి నిలబడ్డాను. ఎవరూ నావైపు చూడలేదు. మా ఆవిడ తన ముందున్న కాగితాలు బోర్లించింది. ఆమె రాసుకున్న కథలో ఇది లేదు. చాలాసేపు ఆలోచించింది. ఆ ముఖం నేను మా పెళ్లయిన కొత్తలో చూశాను, నన్ను చూసేటప్పుడు.

తరవాత ముసలాయన గొంతుతో నెమ్మదిగా అంది: "గిన్నేండ్లల్ల నన్ను సంపుతమన్నోళ్లే వచ్చిన్రు. నేర్పమన్నోడు రాలే."

ఆయన గేట్లు వదిలి దిగాడు. ఆయన చేసిన ప్రమాణం అతనూ చేశాడు, పాలడిన్ అయ్యాడు. పాలడిన్ కావాలంటే మాటకారితనం అంకె పెద్దది ఉండాలి, అది అతనికి మొదటి రోజు నుంచే ఉంది. నేను కావాలనుకున్నా కాలేను. నా కత్తి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. సాయంత్రం ఆమె వంటింట్లోంచి వాళ్ల చెల్లెలికి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పింది, నవ్వుతూ, మధ్యలో కళ్లు తుడుచుకుంటూ. నేను హాల్లో కూర్చుని విన్నాను. మొదటి రెండు దెబ్బలు కొట్టింది ఎవరో ఆ కథలో రాలేదు.

అతను గురుకులం మైదానంలో వాలీబాల్ ఆడిస్తూ పడిపోయాడు. గుండె. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. నలభై కూడా లేవు. కబురు విన్నప్పుడు నేను కొట్లో ఉన్నాను, షట్టర్ సగం దించి అలాగే కూర్చుండిపోయాను. హమాలీ నా ముందే ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు, హమాలీ మీద కోపం వచ్చింది.

తండాకు మేము వెళ్లేసరికి ఇంటి ముందు జనం. కండక్టర్ డ్యూటీ మార్చుకుని వచ్చాడు. దర్జీ వచ్చాడు. హోటల్ పెద్దాయన ఒక మూల రాయి మీద కూర్చున్నాడు. అతని తల్లి వాళ్ల భాషలో ఏడుస్తోంది, మధ్యలో వచ్చినవాళ్లను తెలుగులో అడుగుతోంది: "నా కొడుకు నీకెట్లెరుక?"

"నా దగ్గర మరాఠీ నేర్చుకున్నడమ్మా."

"కాజాలు నేర్పిన నేను."

హమాలీ ఆమె చేతులు పట్టుకుని, "బస్తా ఎత్తుడు నేర్పిన అవ్వా," అన్నాడు. ఆమె తల ఊపింది, ఆ సంగతి ఆమెకు తెలిసినట్టుంది. తరవాత నా వైపు తిరిగింది. చెప్పుకోవడానికి నా దగ్గర ఏముంది? "ఆదివారం మా ఇంటికొస్తుండె," అన్నాను. ఆమె సరే అంది. ఆ గుంపులో నిలబడి, శవం ముందర, నాకు కలిగింది దుఃఖం కాదు. మళ్లీ అదే కుళ్లు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే.

ఆట ఆగిపోయింది. ఎవరూ ఆపుదామనలేదు, బల్ల మీద బట్టలు మడతపెట్టడం మొదలైంది, అంతే. మొన్న ఆ బజ్జీల ఆదివారం, బామ్మర్ది వెళ్లాక, ఆమె పళ్లేలు తీస్తూ నన్ను అడిగింది: "మల్ల ఆడుదమా?"

"ముగ్గురం ఏం ఆడుతం? నేనున్నా లేకున్నా నీ కథ నడుస్తది," అన్నాను. ఇన్నేళ్లలో నోరు జారింది అదే మొదటిసారి. జారాక ఆగలేదు. "వాడుంటెనే నీకు ఆట. దొంగను అడిగిండు, ముసలోణ్ణి అడిగిండు. నా ఫైటర్ వాని పక్కనే నిలవడి అన్ని దెబ్బలు తిన్నడు గదా, నన్నొక్కనాడు అడగలే."

ఆమె పళ్లేలు కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"అడుగుతుండె," అంది. "వచ్చే లెవెల్ ఫైటర్ తీసుకుంటనన్నడు. గురువు నువ్వే. నీకు చెప్పద్దన్నడు."

ఈ మాట కూడా ఆమెకే చెప్పాడు. ముందు నాకు తట్టింది అదే, దాచడం ఎందుకు.

"ఏం నేర్చుకుంటడట?"

"నిలవడుడు. ఎన్ని దెబ్బలు వడ్డా జాగ ఇడువకుండ బావ ఎట్ల నిలవడ్తడో నాకు తెలుస్తలేదక్కా, నేనేడ ఉన్నా ఇంకో దిక్కు మనసు పోతది, అన్నడు."

"మరి గిన్నాళ్లు ఎందుకడగలే?"

"నువ్వు అందరికంటె గట్టోనివట. అల్కగ ఒప్పుకోవట. ఆఖరుకు అడుగుత, ఒప్పుకునేదాంక ఎంటవడ్త, మజా వస్తది, అన్నడు."

నేను కిటికీ వైపు తిరిగాను.

"ఎంటనే ఒప్పుకుందును," అన్నాను.

"నేను గదే చెప్పిన," అంది ఆమె. "నవ్విండు. నమ్మలే."